వేడెక్కాక రేస్ పైకీ కిందకీ ఊగుతోంది, పికప్‌లో తడబాటు కూడా: 1996 ఈ220

పాతకారు96:

నమస్తే అందరికీ. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

బండి మెర్సిడెస్ ఈ220, 1996 మోడల్, డబ్ల్యూ124 బాడీ. 2.2 లీటర్ల పెట్రోల్, మాన్యువల్ గేర్లు. మా మావయ్యది, కంటిచూపు తగ్గి ఆయన డ్రైవింగ్ మానేశాక 2019లో నాకిచ్చారు. లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. నేను వారానికోసారి, మహా అయితే రెండుసార్లు తీస్తాను. మా ఆవిడ దీన్ని పెద్దమనిషి అంటుంది. ఆ పెద్దమనిషికి ఇప్పుడు ఆయాసం వచ్చింది.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే సగం తిప్పుకే స్టార్ట్ అవుతుంది. ఓ పది పదిహేను నిమిషాలు వెన్నపూస. ఉప్పల్ దాటి నాగోల్ వైపు వచ్చేసరికి, అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం ముల్లు 700 నుంచి 1400కి ఎక్కుతుంది, దబ్బున పడిపోతుంది, మళ్ళీ ఎక్కుతుంది. రెండు సెకన్లకోసారి, లెక్క పెట్టినట్టు. నేనేదో కావాలని రేస్ ఇస్తున్నాననుకుని పక్క ఆటో అతను నా వైపు చూసి నవ్వాడు మొన్న. ఏసీ వేస్తే ఊగడం కొంచెం తగ్గుతుంది, పోదు.

ఇంకోటి పికప్. క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది, ఆ తర్వాత ఒక్క కుదుపుతో అందుకుంటుంది. ఔటర్ మీద మూడో గేర్లో గట్టిగా తొక్కితే 3500 దాటాక ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది.

నాకు తెలిసిన ఒక వర్క్‌షాప్‌లో వారం రోజులు పెట్టాను. ప్లగ్గులు మార్చారు, ప్లగ్ వైర్లు మార్చారు, ఎయిర్ మాస్ సెన్సర్ మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. బిల్లు 38 వేలు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది, బహుశా నేనే అనిపించుకున్నానేమో. మూడో రోజు మళ్ళీ మామూలే. ఎయిర్ లీక్ ఉందేమోనని పొగ పెట్టి కూడా చూశారట, ఏమీ దొరకలేదన్నారు. ఇప్పుడేమో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పోయింది, ఢిల్లీ నుంచి పాతది తెప్పిస్తాం, 60 వేలు అవుతుంది అంటున్నారు. అంత పెట్టాక కూడా ఇది ఇలాగే ఊగితే నేను ఇంట్లో మొహం చూపించలేను. ఈ ఇంజిన్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

స్పీడుగాడు:

ఇంకేముంటుంది అన్నా, పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే అయిదో వంతు ఇథనాల్. 96 బండికి అది అరగదు. 100 ఆక్టేన్ పోయించి చూడు.

రాణీగంజ్_రాజు:

అన్నా, పాత మెర్సిడెస్‌లలో డోర్ లాకులు కూడా వాక్యూమ్ మీదే పనిచేస్తాయి. నాలుగు డోర్లలో ఎక్కడో పైపు తెగి ఉంటుంది, అక్కడి నుంచి ఇంజిన్ గాలి పీల్చుకుంటుంది. డోర్ ప్యాడ్లు విప్పించు. ఈసీయూ మాత్రం 60 వేలకి కొనొద్దు, పాతవి అంతకంటే చాలా తక్కువకే వస్తాయి.

ముప్పైఏళ్ళరెంచి:

రాజు గారూ, డోర్ లాకులు ఇంజిన్ వాక్యూమ్‌తో నడిచేది దీని ముందు తరం డబ్ల్యూ123లో. ఈ బండిలో లాకులకి విడిగా కరెంటు పంపు ఉంటుంది, దానికీ ఇంజిన్ ఐడిలింగ్‌కీ సంబంధం లేదు. పాపం ఆయన చేత డోర్లు విప్పించకండి, ఆ వయసు ప్లాస్టిక్ క్లిప్పులు ఒకసారి విరిగితే మళ్ళీ దొరకవు.

పాతకారు గారూ, నేను బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు సొంత షెడ్డు లేదు, పిల్లలు వద్దంటే మానేశాను. తెలిసింది చెప్తాను.

ముందు ఒక మాట. మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. వాళ్ళు రెంటినీ కలిపి ఒకటే మందు వెతుకుతున్నారు, అందుకే దొరకట్లేదు.

ఊగడం సంగతి చూద్దాం. ఈ ఇంజిన్‌కి పెట్రోల్ ఎంత పోయాలో చెప్పేది ఆ ఎయిర్ మాస్ సెన్సరే. లోపల వేడి చేసిన పల్చటి ఫిల్మ్ ఉంటుంది, గాలి దాన్ని చల్లారుస్తుంది, దాన్ని వేడిగా నిలబెట్టడానికి ఎంత కరెంటు పడుతోందో చూసి ఎంత గాలి వెళ్ళిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. సెన్సర్ దాటాక ఎక్కడో రబ్బరు పగిలి గాలి లోపలికి దూరితే ఆ గాలి లెక్కలోకి రాదు. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. రేస్ పడిపోతుంది. ఆగిపోతోందని కంప్యూటర్ కంగారుపడి థ్రాటిల్ కొంచెం తెరుస్తుంది, రేస్ లేస్తుంది. మీ కాలు యాక్సిలరేటర్ మీద లేదు, రేస్ మాత్రం 1400 ఉంది, అంటే కంప్యూటర్ దృష్టిలో మీరు గేర్లో దొర్లుతూ వస్తున్నారు, ఇంజిన్ బ్రేకింగ్‌లో ఉన్నారు. అలాంటప్పుడు పెట్రోల్ పూర్తిగా కట్ చేస్తుంది. కట్ చేయగానే దబ్బున పడుతుంది. మళ్ళీ పోస్తుంది. మీరు చెప్పిన ఆ రెండు సెకన్ల లెక్క ఇదే. కంప్యూటర్ పాడైతే ఇంత పద్ధతిగా ఊగదండీ. అది బాగుంది కాబట్టే ఊగుతోంది. 60 వేలు జేబులో పెట్టుకోండి.

ఏసీ వేస్తే తగ్గడం కూడా దీనికి సరిపోతుంది. కంప్రెసర్ బరువు పడితే అంత పైకి లేవలేదు, ఆ కట్ దాకా పోదు.

ఇక 3500 దాటాక లాగినట్టు ఉండటం. ఇది ఆ లీక్ వల్ల కాదని దాదాపు గట్టిగా చెప్పగలను. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ, ఫుల్ తొక్కినప్పుడు పీల్చేది దానికి ఇంచుమించు ఇరవై రెట్లు. అర అంగుళం చీలికలోంచి దూరే గాలి ఐడిలింగ్‌లో పెద్ద విషయం, ఫుల్ థ్రాటిల్‌లో సముద్రంలో కాకిరెట్ట. పైగా ఫుల్ తొక్కినప్పుడు మేనిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, వాక్యూమే దాదాపు ఉండదు, చీలిక దగ్గర పీల్చేది ఏముంది. కాబట్టి పైన లాగడం అనేది పెట్రోల్ అందకపోవడమో, స్పార్క్ బలం చాలకపోవడమో. ప్లగ్గులు, వైర్లు కొత్తవంటున్నారు కనుక నా అనుమానం పెట్రోల్ వైపే. అది తర్వాత చూద్దాం. ముందు ఊగుడు ఆపుదాం, లేకపోతే రెండోది సరిగ్గా కనపడదు.

ఇంట్లోనే రూపాయి ఖర్చు లేకుండా చేసే పనులు చెప్తాను, చేసి ఏం జరిగిందో రాయండి. ఇంజిన్ ఊగుతున్నప్పుడు, అంటే బాగా వేడెక్కాక, ఆయిల్ పోసే మూత తీయండి. బ్రీథర్ లైను, అంటే ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్ళీ ఇంటేక్‌లోకి పంపే గొట్టం, బాగుంటే అక్కడి నుంచి గాలి దూరి ఇంజిన్ కాస్త తడబడాలి. అసలేమీ తేడా రాకపోతే అది కూడా ఒక జవాబే. రెండోది బ్రేక్ బూస్టర్, ఇంజిన్ వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌కి బలమిచ్చేది. ఇంజిన్ ఆపి పెడల్ అయిదారుసార్లు తొక్కి, గట్టిపడ్డాక తొక్కిపట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందకి దిగాలి. ఊగుతున్నప్పుడు బ్రేక్ తొక్కితే ఊగే తీరు మారుతోందా, పెడల్ దగ్గర బుస్సుమని చప్పుడు వస్తోందా చూడండి. మూడోది, ఎయిర్ మాస్ సెన్సర్ ప్లగ్ పీకి నడిపి చూడండి. పీకగానే బాగుపడితే సెన్సర్ మీదో, దాని వైరింగ్ మీదో అనుమానం. కొత్తది వేశారు కదా అంటారేమో, కొత్తది వేరు, మంచిది వేరు.

స్పీడుగాడు బాబూ, పెట్రోల్ సంగతి నువ్వు పూర్తిగా తప్పు చెప్పలేదు. మామూలు పెట్రోల్ 1 కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర చాలు. అంటే అదే లెక్క ప్రకారం పోసినా ఈ20 కొంచెం పల్చనైపోతుంది. సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే లాంబ్డా సెన్సర్ పనిచేస్తుంటే కంప్యూటర్ సర్దుకుంటుంది. ముందే గాలి దూరుతున్న బండికి మాత్రం అది పుండు మీద కారం. కానీ ఒక్క పెట్రోల్ వల్లే అయితే పొద్దున పదిహేను నిమిషాలు వెన్నపూసలా ఎందుకు నడుస్తుంది, చెప్పు.

పాతకారు96:

రెంచి గారూ, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. ఇంత వివరంగా ఆ వర్క్‌షాప్‌లో ఎవరూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఘట్‌కేసర్ దాకా వెళ్ళి వచ్చి, ఇంటి ముందు ఊగుతూ ఉండగానే బానెట్ ఎత్తాను. ఆయిల్ మూత తీశాను. ఏమీ కాలేదు. ముల్లు దాని పాటికి అది 700, 1400 ఆడుకుంటూనే ఉంది. మా అబ్బాయిని మీటర్ దగ్గర కూర్చోబెట్టి నేను మూత పెట్టీ తీసీ నాలుగుసార్లు చూశాను, రవ్వంత తేడా లేదు. బ్రేక్ పెడల్ మీరన్నట్టే కిందకి దిగింది, బుస్సు లేదు. సెన్సర్ ప్లగ్ పీకితే ఊగడం ఆగింది, కానీ ఐడిలింగ్ వెయ్యి దగ్గర గరుగ్గా నిలబడింది, నడిపితే పికప్ అధ్వాన్నం. ఇది సెన్సర్ బాగున్నట్టా, బాగోనట్టా?

లాంబ్డా అన్నారు కదా, కిందకి వంగి టార్చ్ వేసి చూశాను. సైలెన్సర్ పైపు మీద సెన్సర్ అయితే ఉంది. దాని వైర్లు కట్ చేసి నల్ల టేపు చుట్టి పక్కకి కట్టేసి ఉన్నాయి! ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దేవుడికెరుక. మావయ్యని అడిగితే నాకేం తెలుసురా, మెకానిక్ ఏదో చేసుంటాడు అన్నారు.

టెక్సాస్_తెలుగు:

ఆలస్యంగా చూశాను. నా దగ్గర ఇదే బాడీలో ఆరు సిలిండర్ల ఈ320 ఉంది, 95 మోడల్. ఇక్కడ ఈ కార్లు ఉన్నవాళ్ళు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు: ఇంజిన్ వైరింగ్ హార్నెస్, అంటే ఇంజిన్ మీది వైర్ల కట్ట, మార్చారా? 90ల మొదటి సగంలో వచ్చిన ఈ ఇంజిన్లలో వైరు పైపొర వేడికి ఏళ్ళ తరబడి ఎండి బిస్కెట్‌లా పొడి పొడిగా రాలిపోతుంది. బయట నల్ల తొడుగు చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, లోపల రాగి తీగలు ఒకదానికొకటి తగులుతుంటాయి. ఊగడం, మిస్ కొట్టడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, అన్నీ దాంట్లోంచే వస్తాయి. థ్రాటిల్ దగ్గర ఐడిలింగ్ చూసుకునే యాక్చుయేటర్‌కి వెళ్ళే వైర్లదీ అదే కథ, కానీ దాన్ని చాలామంది మర్చిపోతారు.

చూడటం తేలిక. ఏదో ఒక సెన్సర్ ప్లగ్ దగ్గర తొడుగు అంగుళం వెనక్కి జరిపి, లోపలి రంగు వైరుని వేలితో మెల్లగా, గట్టిగా కాదు, వంచండి. బాగుంటే వంగుతుంది. పోతే చిట్లి వేలికి అంటుకుంటుంది. ఇదివరకే ఎవరైనా కొత్త హార్నెస్ వేసి ఉంటే దాని మీద తయారీ తేదీ చీటీ ఉండొచ్చు, వెతకండి. అది తేలకుండా మిగతా ఏ పార్టూ కొనకండి. ఇక్కడ వెయ్యి డాలర్లు సెన్సర్లకి తగలేసి చివర్లో హార్నెస్ దగ్గరికి వచ్చినవాళ్ళు బోలెడుమంది.

ముప్పైఏళ్ళరెంచి:

టెక్సాస్ బాబు మంచి ప్రశ్న అడిగాడు, నేను మొదటే అడగాల్సింది. ఒప్పుకుంటున్నాను. అది చూడండి ముందు.

సెన్సర్ ప్లగ్ పీకితే ఊగడం ఆగింది కదా, దాన్నిబట్టి సెన్సర్ పోయిందని తీర్మానించకండి. ప్లగ్ పీకగానే కంప్యూటర్ లెక్క మానేసి ఉజ్జాయింపు పోత పోస్తుంది, ఆ పోత కాస్త ధారాళంగా ఉంటుంది, లీక్ ఉన్న బండికి కూడా అది పడుతుంది. నిజంగా సెన్సరే పోయి ఉంటే పీకాక పికప్ కూడా మెరుగవ్వాలి. మీకు అధ్వాన్నమైంది.

నాకు అసలు ఆసక్తి ఆయిల్ మూత దగ్గర. తీసినా పెట్టినా తేడా లేదంటే, ఒకటి బ్రీథర్ దారి మూసుకుపోయి ఉండాలి, లేదా మూత తీయకముందే ఆ దారిలో ఎక్కడో అంతకంటే పెద్ద బొక్క తెరుచుకుని ఉండాలి. మీకు ఊగుడు ఉంది కాబట్టి రెండోదే అంటాను. ఇంటేక్ మేనిఫోల్డ్ కింద, చెయ్యి సరిగ్గా పట్టని చోట, బ్రీథర్ గొట్టం వంపు ఉంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయిల్ ఆవిరి తాగిన రబ్బరు అది, వేడికి మెత్తబడి ముద్దలా అవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి అడుగుతాను. ఆ పొగ టెస్ట్ ఎప్పుడు చేశారు? వారం రోజులు వాళ్ళ దగ్గరే ఉంది అన్నారు. పొద్దున్నే షట్టర్ తీయగానే చల్లటి ఇంజిన్ మీద చేసి ఉంటారని నా అనుమానం. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుని చీలిక పెదాలు మూసుకున్నట్టు మూసుకుంటుంది. పొగ ఎలా వస్తుంది? మీకు జబ్బు వచ్చేది పదిహేను నిమిషాల తర్వాత. పొగ కూడా అప్పుడే పెట్టాలి. వేడి మీద, ఊగుతున్న బండిని అలాగే తీసుకెళ్ళి, ఇంజిన్ ఆపిన అయిదు నిమిషాల్లోపు. చల్లారనివ్వొద్దు, వాళ్ళ చేత టీ కూడా తాగనివ్వొద్దు.

కొంతమంది కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద అది అంటుకుంటే బండి మొత్తం పోతుంది, మీరు ఆ పని చేయకండి. పాత గొట్టాల్ని పట్టకారుతో నొక్కి కూడా చూడకండి, లేని చీలిక మనమే తెచ్చినవాళ్ళం అవుతాం.

పాతకారు96:

దొరికింది!!

మొదట హార్నెస్. బ్యాటరీ వైపు తొడుగు మీద చీటీ ఉంది, 2009 అని. అంటే మావయ్య హయాంలోనే ఎవరో మార్చారు. టెక్సాస్ గారు చెప్పినట్టు ఒక వైరు వంచి చూశాను, కొత్త బూటు లేసులా వంగింది. థ్రాటిల్ యాక్చుయేటర్ వైర్లు మాత్రం పాతవే, రెండు చోట్ల పైపొర బీటలు వారి ఉంది కానీ రాగి ఇంకా బయటపడలేదు. ప్రస్తుతానికి ఒక్కో వైరుకీ స్లీవ్ తొడిగించాను, తర్వాత వైర్లు మొత్తం వేయిస్తాను.

ఇక పొగ సంగతి. పాత వర్క్‌షాప్‌కి ఫోన్ చేసి టెస్ట్ ఎప్పుడు చేశారు అని అడిగితే, పొద్దున పది గంటలకి సార్, బండి రాత్రంతా లోపలే ఉంది అన్నారు. రెంచి గారూ, మీకు దండం. ఈసారి వేరే చోటికి, వనస్థలిపురం దగ్గర ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్ళాను. ఔటర్ మీద అరగంట తిప్పి, ఊగుతున్న బండిని నేరుగా లోపలికి పెట్టాను. ఆ కుర్రాడికి ముందే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి మిషన్ సిద్ధంగా పెట్టుకున్నాడు.

పొగ ఎక్కించిన అర నిమిషానికి మేనిఫోల్డ్ కింద నుంచి సన్నగా, అగరొత్తి పొగలా ఒక చార లేచింది. కుర్రాడు దంతవైద్యుల దగ్గర ఉండే లాంటి చిన్న అద్దం, టార్చ్ పెట్టి చూపించాడు. వంపు గొట్టం, పై నుంచి చూస్తే నిగనిగలాడుతూ ఉంది. అడుగున, బిగింపు క్లిప్పు పక్కనే, బొటనవేలి గోరంత పొడవు చీలిక. విప్పి చేతిలో పెట్టాడు. వేడిగా ఉన్నప్పుడు ఉడికిన వంకాయ తొక్కలా ఉంది, నొక్కితే వేలు దిగుతోంది, చీలిక నోరు తెరుస్తోంది. బల్ల మీద పెట్టి మేం మాట్లాడుకుంటూ ఉండగా చల్లారింది, ఇరవై నిమిషాలయ్యాక చూస్తే చీలిక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అలా పక్కపక్కన చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు.

అసలు గొట్టం తెప్పించడానికి పది రోజులు పడుతుందన్నాడు, ఆర్డర్ పెట్టాను. అంతవరకూ ఆయిల్ తట్టుకునే గొట్టం అదే సైజుది కోసి వేశాడు. వేశాక గంటసేపు ట్రాఫిక్‌లో తిప్పాను. ముల్లు 750 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ఆయిల్ మూత తీస్తే ఇప్పుడు ఇంజిన్ బుడుంగుమని తడబడుతోంది, మూత పెడితే సర్దుకుంటోంది. అది చూసి నేను నవ్వుతుంటే మా అబ్బాయికి నా మీద అనుమానం వచ్చింది.

ఖర్చు గొట్టంతో, కూలితో కలిపి 2,200.

క్లచ్ వదలగానే ఉండే ఆ ఆలోచించుకోవడం కూడా ముప్పాతిక మాయమైంది. 3500 మీద లాగడం మాత్రం అలాగే ఉంది, మీరు ముందే చెప్పినట్టు.

స్పీడుగాడు:

60 వేలెక్కడ, 2,200 ఎక్కడ. అన్నా, ఆ మొదటి వర్క్‌షాప్ వాళ్ళకి ఆ గొట్టం ఫ్రేమ్ కట్టించి పంపు.

ముప్పైఏళ్ళరెంచి:

వాళ్ళని మరీ అనకండి. చల్లటి బండి మీద టెస్ట్ చేసి బాగుంది అనుకోవడం నేనూ చేశాను, ఒకసారి కాదు. బండి మన దగ్గర రాత్రి ఉండిపోతే పొద్దున్నే పని మొదలెట్టాలనిపిస్తుంది, అంతే.

సరే, రెండో జబ్బు. పెట్రోల్ ప్రెషర్ గేజీ పెట్టించండి, కానీ షెడ్డులో ఐడిలింగ్‌లో చూసి బాగుందనుకోవద్దు. ఇక్కడ కూడా అదే సూత్రం, బండి ఎప్పుడు ఏడుస్తుందో అప్పుడు చూడాలి. పొడుగు గొట్టం ఉన్న గేజీ, బానెట్ అంచు నుంచి బయటకి తీసి, ముందు అద్దం మీద టేపుతో అంటించి, పక్కన ఒకరు కూర్చుని చూడాలి. జాయింట్లు ఒకటికి రెండుసార్లు చెక్ చేయించండి, ఎక్కడా చుక్క కారకూడదు, బండిలో చిన్న ఫైర్ సిలిండర్ పెట్టుకోండి. ఐడిలింగ్‌లో ఉన్న ప్రెషర్ కంటే ఫుల్ తొక్కినప్పుడు అర బార్ దాకా పెరగాలి, ఎందుకంటే మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ పోతుంది, పెట్రోల్ ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ బిగుస్తుంది. పెరగకుండా పడిపోతోందంటే పంపు తోయలేకపోతోంది, లేదా ఫిల్టర్ దారి ఇవ్వట్లేదు. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? ఇంజిన్ దగ్గర వెతకొద్దు, వెనక ఇరుసుకి ముందు, బండి అడుగున, ప్లాస్టిక్ కవర్ లోపల పంపు పక్కనే ఉంటుంది. కనపడదు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు.

వారానికోసారి తీసే బండి అన్నారు. సగం ఖాళీ ట్యాంకు, ఇథనాల్ ఉన్న పెట్రోల్. ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది. స్పీడుగాడి పెట్రోల్ వాదన ఇక్కడ పనికొస్తుంది.

పాతకారు96:

ఆలస్యానికి క్షమించండి, మధ్యలో ఇంట్లో పెళ్ళి పనులు.

గేజీ పెట్టాం. ఆ షెడ్డు కుర్రాడే పక్క సీట్లో కూర్చున్నాడు. ఐడిలింగ్‌లో 3.2 బార్. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం పీకితే 3.8. అక్కడిదాకా అంతా బాగుంది. ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఖాళీ చూసి మూడో గేర్లో పూర్తిగా తొక్కాను. కుర్రాడు పైకి చదువుతున్నాడు: మూడు ఎనిమిది, మూడు ఆరు, మూడు రెండు, రెండు తొమ్మిది... సరిగ్గా మూడు దిగువకి రాగానే వెనక నుంచి లాగడం మొదలైంది. నా కాలికి తెలిసేది, అతని కంటికి కనపడేది ఒకే క్షణంలో కలిశాయి. కాలు తీయగానే మళ్ళీ లేచింది.

ఫిల్టర్ విప్పించాను. మీద ఉన్న స్టిక్కర్ ఎండి రాలిపోయింది, ఎప్పటిదో తెలీదు. కుర్రాడు దాన్ని లోపలికి వచ్చే వైపు నుంచి తిరగేసి తెల్లటి ఎనామిల్ గిన్నెలోకి వంచాడు. మొదట టీ డికాక్షన్ రంగు నీళ్ళు, తర్వాత పెట్రోల్, అడుగున ఇటుక పొడిలా సన్నటి తుప్పు. గిన్నె వంచితే నీళ్ళు, పెట్రోల్ రెండు పొరలుగా విడివిడిగా కదులుతున్నాయి. పంపు కూడా చూశాం, విడిగా బాగానే తోస్తోంది. కొత్త ఫిల్టర్ వేశాం, ట్యాంకు ఖాళీ చేయించి లోపలి జల్లెడ కడిగించాను. గొట్టాలు పాతవి రెండు చోట్ల ఉబ్బి ఉంటే అవి కూడా మార్పించాను, ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయమన్నాను. మొత్తం 7,400.

మళ్ళీ అదే రోడ్డు, అదే గేరు. 3.8 దగ్గర మొదలై 3.7 కంటే కిందకి దిగలేదు. బండి 5500 దాకా ఎక్కడా తడుముకోకుండా పోయింది. ఆరేళ్ళుగా నడుపుతున్నాను కానీ ఇది ఇలా లాగుతుందని నాకు తెలీదు. మొదటి నుంచీ ఆ ఫిల్టర్‌తోనే తిరుగుతున్నానన్నమాట.

మిగిలింది లాంబ్డా. ఆ కట్ చేసిన వైర్లు కలిపించాలా, సెన్సరే కొత్తది వేయించాలా? మైలేజ్ ఇప్పుడు సిటీలో ఆరు దాటట్లేదు.

టెక్సాస్_తెలుగు:

కొత్తదే వేయించండి. వైర్లు ఎందుకు కట్ చేశారో మనకి తెలీదు, బహుశా అది పోయాకే చేసి ఉంటారు. అదే రకం వైర్లున్న సెన్సర్ తీసుకోండి, లోపలి హీటర్‌కి రెండు వైర్లు ఒకే రంగులో ఉంటాయి, వాటిని సిగ్నల్ వైరుతో కలిపేస్తే కొత్తది కూడా ఆ రోజే పోతుంది.

ముప్పైఏళ్ళరెంచి:

అవును, కొత్తదే. పాతది విప్పేటప్పుడు వేడి మీద విప్పమనండి, చల్లగా ఉంటే మరలు ఊడొస్తాయి. వేశాక ఓ రెండు వందల కిలోమీటర్లు తిరిగి మైలేజ్ ఎంతొచ్చిందో రాయండి. ఆ బ్రీథర్ గొట్టం ముక్క మాత్రం పారేయకండి, కుదిరితే వేడినీళ్ళలో ముంచి ఒక ఫోటో, చల్లార్చి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

పాతకారు96:

డాష్‌బోర్డ్ అరలోనే ఉంది సార్. ఆదివారం తీసి పెడతాను. మా ఆవిడ గిన్నెలు ముట్టుకోనివ్వదు, పాత మగ్గు ఏదైనా వెతకాలి.